జాబితాలో లేని ఇళ్లు: ముంపు మండలాల్లో ఒక ఫెలో యాత్ర

జూలై 22, 2022, శుక్రవారం: భద్రాచలం

హైదరాబాదు నుంచి ఖమ్మం, కొత్తగూడెం మీదుగా బస్సులో బయలుదేరిన మేము సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. నది అప్పటికే తగ్గుముఖం పట్టింది. అయినా ఒడ్డు వైపు కాలనీల్లో ఇళ్ల గోడల మీద మనిషి తలకంటే ఎత్తున బురద గీత స్పష్టంగా కనిపిస్తోంది. జూలై 16న ఇక్కడ నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. ఆ పైన హెచ్చరికలు లేవు. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తరువాత నది ఇంత ఎత్తుకు రావడం ఇదే మొదటిసారి.

నేను ఈ ప్రయాణం చేస్తున్నది ఒక సహాయ సంస్థ ఇచ్చే ఏడాది ఫెలోషిప్‌లో భాగంగా. విపత్తు సహాయ రంగంలో ఉద్యోగ ప్రకటన ఏది చూసినా రెండు మూడేళ్ల క్షేత్రానుభవం అడుగుతారు. ఉద్యోగం దొరకనిదే ఆ అనుభవం రాదు. ఆ చిక్కుముడిని విప్పడానికే ఇటువంటి ఫెలోషిప్‌లు పుట్టాయి. గది అద్దెకూ భోజనానికీ సరిపోయే భృతి ఇస్తారు, ముందుగా కొన్ని వారాలు తరగతి గదిలో శిక్షణ ఉంటుంది, ఆ తరువాత అనుభవజ్ఞుల బృందంతో కలిపి క్షేత్రానికి పంపుతారు. మా జట్టులో ఒక నర్సు ఉంది, సోషల్ వర్క్ చదివిన యువకుడు ఒకరున్నారు, నేను సివిల్ ఇంజనీరింగ్ పట్టభద్రురాలిని. ఈ రంగంలోకి రావాలనుకునే తెలుగు యువతకు జెనీవా, బంగ్లాదేశ్‌లో రోహింగ్యా శిబిరాలున్న కాక్స్‌బజార్ పేర్లు తెలిసినంతగా కూనవరం పేరు తెలియదు. తెలియవలసిన అవసరం ఉందని నమ్మి, నేను క్షేత్రం ఎంచుకోమన్నప్పుడు గోదావరినే కోరుకున్నాను.

రాత్రి బస చేసిన సత్రంలో మా బృందం పెద్దాయన చాలాసేపు మాట్లాడారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆయన కాలేజీ విద్యార్థి. శవాలను పూడ్చే పనికి స్వచ్ఛందంగా వెళ్లి, ఇక ఈ పని విడిచిపెట్టలేకపోయారు. ఆ రోజుల్లో లారీల మీద నుంచి బట్టల మూటలు విసిరేవారని, బలమున్నవారికి రెండు మూటలు దొరికితే ముసలివారికీ గర్భిణులకూ ఒక్కటీ అందేది కాదని ఆయన చెప్పారు. సహాయానికి కొలతలు, ప్రమాణాలు ఎందుకు కావలసివచ్చాయో తరగతి గదిలో విన్నదానికంటే ఆ ఒక్క వివరంతో నాకు బాగా అర్థమైంది.

జూలై 23, శనివారం: ఎటపాక, కూనవరం

భద్రాచలం పట్టణం అంచు దాటగానే ఆంధ్రప్రదేశ్ మొదలవుతుంది. పోలవరం ముంపు కారణంగా 2014లో ఏడు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు పట్టణం అటూ, చుట్టూ ఉన్న పల్లెలు ఇటూ అయ్యాయి. ఈ ఏడాది ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఎటపాక, కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ఆ జిల్లా కేంద్రం పాడేరు, ఇక్కడి నుంచి కొండలన్నీ దాటి వెళ్లవలసినంత దూరంలో ఉంది. వైద్యానికీ, చదువుకూ, కూరగాయలకూ జనం వెళ్లేది భద్రాచలం. అర్జీ పెట్టుకోవలసింది మరో రాష్ట్రపు అధికారికి. వరద వచ్చిన రోజుల్లో ఈ సరిహద్దు ఎంత బరువో తెలిసిందని, పట్టణాన్ని ఆనుకుని ఉన్న అయిదు పంచాయతీల వారు తమను తెలంగాణలో కలపమని మళ్లీ అడుగుతున్నారు.

కూనవరం దారి పొడవునా విద్యుత్ స్తంభాలు ఒరిగి ఉన్నాయి, పొలాల మీద అడుగు మందాన ఒండ్రు పేరుకుంది. ఒడిశా కొండల్లో పుట్టిన శబరి ఇక్కడే గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీటికి దారి దొరకదు. పెద్ద నది పోటు చిన్న నదిని వెనక్కి నెడుతుంది, ఆ నీరు ఎగువన ఉన్న చింతూరు వరకూ పల్లెల మీదికి ఎక్కుతుంది. అందుకే వాన తెరిపి ఇచ్చి, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా ఇక్కడ ఇళ్లు మునుగుతాయి.

మధ్యాహ్నం మండల కార్యాలయంలో సమన్వయ సమావేశం జరిగింది. బయటివారికి నీరసంగా కనిపించే ఈ సమావేశమే సహాయ రంగంలో అన్నిటికన్నా విలువైనదని మా బృంద నాయకురాలు ముందే చెప్పింది. మేమందరం ఆమెను అక్కా అనే పిలుస్తాం. ఎవరు, ఏ గ్రామంలో, ఏ సాయం, ఎప్పుడు అన్న నాలుగు గడుల పట్టికను అందరూ కలిసి నింపకపోతే రోడ్డు పక్క గ్రామానికి నాలుగు సంస్థల దుప్పట్లు చేరతాయి, ఏరు అవతలి గూడేనికి ఒక్కటీ చేరదు. ప్రభుత్వం ప్రతి బాధిత కుటుంబానికి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం, కందిపప్పు, పామాయిల్, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ప్రకటించింది. కాబట్టి బియ్యం విషయంలో మేము పోటీ పడవలసిన పని లేదు. ప్రభుత్వ సరఫరాలో లేనివి ఏమిటి, ఆ సరఫరా చేరనివారు ఎవరు అన్నవే మా ముందున్న ప్రశ్నలు.

జూలై 24, ఆదివారం: గుట్ట మీద గూడెం

ఈ రోజు గురించి వివరంగా రాయాలి. ఈ వృత్తికి పునాది అనదగిన పనిని నేను మొదటిసారి చేతులారా చేసింది ఇవాళే.

కూనవరం మండలంలో ఒక కోయ గూడెం మొత్తం పక్కనున్న గుట్ట మీదికి ఎక్కి, టార్పాలిన్ల కింద తలదాచుకుంటోంది. వారు అక్కడికి చేరింది జూలై రెండవ వారంలోనే. ఎవరో ఖాళీ చేయించేదాకా ఆగలేదు. ఏటి రంగు మారగానే పశువులను తోలుకుని, తలుపులు ఊడదీసి, వడ్ల బస్తాలు మోసుకుని పైకి వచ్చేశారు. బాధితులు అనే మాట విని నేను ఊహించుకునే నిస్సహాయత అక్కడ ఎక్కడా లేదు. మేము వెళ్లేసరికి పంపకాల పనులు, వంట వంతులు, రాత్రి కాపలా అన్నీ నడుస్తున్నాయి.

అవసరాల అంచనాకు ఒక పద్ధతి ఉంది. ముందుగా పెద్దలతో మాట్లాడి అనుమతి తీసుకోవాలి. మేము ఎవరమో, ఎందుకు వచ్చామో, ఏమి ఇవ్వగలమో, ఏమి ఇవ్వలేమో మొదటే చెప్పాలి. ఇవ్వలేనివి చెప్పడం కష్టమైన పని, అయినా అది చెప్పకుండా ప్రశ్నలు అడగడం ఆశ పెట్టడమే అవుతుంది. ఆ తరువాత గూడెమంతా నడిచి చూడాలి. మగవారితోనూ ఆడవారితోనూ విడివిడిగా కూర్చోవాలి. మాతో వచ్చిన కోయ యువకుడు మగవారి గుంపులో అనువాదం చేశాడు. ఆడవారితో మాట్లాడటానికి ఒక ఆశా కార్యకర్త తోడు వచ్చింది.

మగవారి గుంపులో మొదటి మాట పునరావాస ప్యాకేజీ. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, తొలి దశలో 41.15 మీటర్ల కాంటూరు (ఒకే ఎత్తును చూపే గీత) లోపలి గ్రామాలకే పునరావాసం అన్నారు. కాంటూరు గీతకు బయట అని రాసిన ఇళ్లు కూడా ఈ వరదలో మునిగాయి. అందువల్ల వారు మమ్మల్ని అడిగింది దుప్పట్లు కాదు. "ఈ సాయాలు ఎన్నిసార్లు తీసుకుంటాం? మా లెక్క తేల్చి మమ్మల్ని పంపించెయ్యమని రాయండి" అని ఒక పెద్దమనిషి అన్నాడు. పునరావాస పరిహారం మా చేతిలో లేదు. అయినా ఆ మాటను అంచనా పత్రంలో మొదటి అవసరంగానే రాశాం. నాలుగైదు పెట్టెల్లో టిక్కులు పెట్టే ఫారంలో ఆ జవాబుకు చోటు లేదని, దాన్ని ఇతరములు అన్న గడిలోకి నెట్టకూడదని అక్క పట్టుబట్టింది. జనం చెప్పిన వరుసలోనే రాయడం మర్యాద; అంతకు మించి, వరద ఇక్కడ ప్రకృతి వల్ల మాత్రమే కలిగే ఆపద కాదన్న సత్యం ఆ వరుసలోనే దాగి ఉంది.

ఆడవారి గుంపులో మాటలు మరోలా సాగాయి. వంటపాత్రలు కొట్టుకుపోయాయి, పొడి కట్టెలు లేవు, చంటిపిల్లలకు దోమలు. కాసేపటికి మగవారు దూరంగా వెళ్లాక అసలు మాట బయటికి వచ్చింది. గుట్ట మీద మరుగు లేదు. తెల్లవారకముందే చీకట్లో పొదల్లోకి వెళ్లిరావాలి, పాముల భయం, అందుకని సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తున్నారు. నెలసరి బట్టలు ఆరబెట్టుకునే చోటు లేదు. ప్యాడ్లు కావాలా, నూలు బట్ట కావాలా అని అడిగితే ఎక్కువమంది బట్టే అడిగారు; ఉతికి మళ్లీ వాడుకోవచ్చు, పారవేసే బెడద ఉండదు. పెళ్లికాని అమ్మాయిలు మాత్రం ప్యాడ్లు కావాలన్నారు. రెండూ ఇవ్వాలని నిర్ణయించాం. వాటికన్నా ముందు సౌరదీపాలు, నాలుగు వైపులా తడికెలు కట్టిన తాత్కాలిక మరుగుదొడ్లు కావాలి.

స్ఫియర్ ప్రమాణాల పుస్తకంలో ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, మనిషికి 3.5 చదరపు మీటర్ల నీడ, రోజుకు 15 లీటర్ల నీరు అని ఉంటుంది. 1997లో సహాయ సంస్థలు కలిసి మొదలుపెట్టిన ఆ ప్రయత్నంలో అంకెలకన్నా ముందు మాట ఒకటుంది: విపత్తులో చిక్కినవారికి గౌరవంగా బతికే హక్కు ఉంది, సహాయం పొందే హక్కు ఉంది. నీళ్లు తాగడం మానేసిన ఆ స్త్రీల దగ్గర కూర్చున్నాక, ఇరవై అన్న అంకె దేనికి కాపలా కాస్తోందో నాకు కళ్లకు కట్టినట్టు తెలిసింది.

సాయంత్రం పిల్లలూ పెద్దలూ కలిసి నేల మీద రాళ్లతో, ఆకులతో గూడెం పటం వేశారు. ఏ ఇంట్లో ఒంటరి ముసలివారున్నారు, ఎవరికి నడక రాదు, ఎవరు బాలింత అన్నది మేము అడగకముందే గుర్తులు పెట్టి చూపారు. రేషన్ కార్డుల ప్రకారం ఉన్న కుటుంబాలకన్నా పటంలో పొయ్యిలు ఎక్కువ వచ్చాయి. పెళ్లై వేరుపడిన కొడుకులు ఇంకా తండ్రి కార్డులోనే ఉన్నారు. కార్డు లెక్కన ఇస్తే రెండు పొయ్యిలకు ఒక్క బిందె, ఒక్క దోమతెర వస్తాయి. పొయ్యిని కుటుంబంగా లెక్కించాలని అక్కడే తేల్చుకున్నాం.

జూలై 25, సోమవారం: నీరు

ఈ రోజు నా చదువుకు దగ్గరి పని. గుట్ట దిగువన రెండు చేతిపంపులు, రెండూ ఇండియా మార్క్ టూ రకం, వరదలో పూర్తిగా మునిగాయి. చప్టా పగిలి బురద నీరు బోరులోకి దిగింది. ఒక సీసాలో నీరు పట్టి పరీక్షా మందు వేసి ఉంచితే కలుషితమైన నీరు మర్నాటికి నల్లగా మారుతుంది. అలా మారితే మలసంబంధ కాలుష్యం ఉన్నట్టు. మేము నిన్న మా సహచరుడి చేత పట్టించి ఉంచిన సీసాలు రెండూ నల్లబడ్డాయి.

పంపును శుభ్రం చేసే పద్ధతి కష్టమైనది కాదు, ఓపిక కావాలి. పంపు తల విప్పి, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చిన నీటిని బోరులో పోసి, కొన్ని గంటలు ఎవరూ వాడకుండా కాపలా ఉండి, ఆ పైన క్లోరిన్ వాసన పోయేవరకూ కొట్టి నీరు పారబోయాలి. మండలంలో చేతిపంపుల మెకానిక్ ఈ పనిని మాకన్నా వేగంగా, చక్కగా చేశాడు. నేను ఇంజనీరింగ్‌లో చదివిన జలశాస్త్రం ఆయన చేతివాటం ముందు చిన్నదే. ఆయనకు కావలసిన వాషర్లూ గొలుసూ బ్లీచింగ్ పౌడరూ సమయానికి అందించడమే నా ఉద్యోగమని గ్రహించి, ఆ జాబితా రాసుకున్నాను.

పంపు బాగయ్యేవరకు తాగే నీటికి క్లోరిన్ మాత్రలు ఇచ్చాం. బిందెలో మాత్ర వేసి అరగంట ఆగాలి. కలిపాక మిగిలే క్లోరిన్ లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. చిన్న పరీక్ష పెట్టెలో బిళ్ల వేస్తే నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది, ఆ రంగును పక్కనున్న పట్టీతో పోల్చి చూస్తాం. వాసన నచ్చక పిల్లలు తాగడం లేదని తల్లులు చెప్పారు. ఒక ముసలమ్మ తన పద్ధతి చూపించింది: చిల్లగింజను రాతి మీద అరగదీసి ఆ గంధాన్ని బిందెలో కలిపితే కాసేపటికి బురద అడుగుకు దిగి పైన నీరు తేటపడుతుంది. ఆ పద్ధతి నిజంగా పనిచేస్తుంది. క్రిములను చంపదు, కానీ నీరు తేరుకున్న తరువాత క్లోరిన్ వేస్తే మాత్ర ప్రభావం బురదలో వృథా కాదు, వాసనా తగ్గుతుంది. అందుకని ముందు చిల్లగింజ, తరువాత మాత్ర అన్న వరుసను ఆమె చేతే అందరికీ చెప్పించాం. మధ్యాహ్నానికి గూడెంలో చాలా బిందెలు గులాబీ రంగు పరీక్షలో నిలిచాయి.

జూలై 26, మంగళవారం: అడవిలోని ఇళ్లు

నిన్న రాత్రి నేల మీది పటాన్ని కాగితం మీదికి ఎక్కిస్తున్నప్పుడు కోయ యువకుడు ఒక మాట అన్నాడు: "పైన అడవిలో గొత్తికోయలున్నారు మేడం, వాళ్ల దగ్గరికి ఎవరూ పోలేదు." ఉదయం నడుచుకుంటూ బయలుదేరాం. వాగు మోకాలి పైకి పారుతోంది, దారి పలుచోట్ల తెగిపోయింది.

2005 తరువాత ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలో ప్రభుత్వ మద్దతుతో ఏర్పడిన సాయుధ దళం సల్వాజుడుంకూ మావోయిస్టులకూ మధ్య సాగిన హింస నుంచి వేలాది ఆదివాసీలు గోదావరి వైపు తరలివచ్చారు. బంధుత్వాలూ, మిర్చి కోత కూలీ పనులూ వారిని ఇటు నడిపించాయి. అడవిలో చదును చేసుకున్న చోట గుడిసెలు వేసుకున్న ఈ గొత్తికోయ కుటుంబాలకు ఇక్కడ కులధ్రువపత్రం రాదు, చాలామందికి రేషన్ కార్డు లేదు, భూమి పట్టా అసలే లేదు. పుట్టిన ఊరు తిరిగి వెళ్లలేనిది, ఉన్న ఊరు ఏ దస్తావేజులోనూ లేనిది. వరద సాయం రేషన్ కార్డు ఆధారంగా అందుతుంటే వీరు మిగిలిపోవడం సహజం.

వారి ఇళ్లు మునగలేదు. కానీ సంత ఆగిపోయి ఉప్పు, నూనె అయిపోయాయి. కూలి పనులు లేవు. జ్వరమొచ్చిన పిల్లను మోసుకుని ఆస్పత్రికి వెళ్లే దారి లేదు. మా నర్సు అంగన్‌వాడీల్లో వాడే కొలత పట్టీతో పిల్లల జబ్బ చుట్టుకొలత చూసింది. 115 మిల్లీమీటర్లకు తక్కువైతే తీవ్రమైన పోషకాహార లోపం, 125కు తక్కువైతే మధ్యస్థం. పట్టీ ఎర్ర గీత లోపలికి వచ్చిన పిల్లలు అక్కడ కనిపించారు. ఆమె నోటి నుంచి మాట రాలేదు, పేర్లు మాత్రం రాసుకుంటూ పోయింది. జ్వరమున్నవారికి అక్కడికక్కడే మలేరియా పరీక్ష చేశాం. వానాకాలంలో ఈ అడవుల్లో అన్నిటికన్నా ముందు అనుమానించవలసింది దాన్నే.

రాత్రి బసకు చేరాక పెద్ద చర్చ జరిగింది. మా దగ్గరున్న సరుకు పరిమితం. దాతలకు ఇచ్చిన ప్రతిపాదనలో వరద ముంపు కుటుంబాలు అని రాసి ఉంది. మునగని ఇళ్లకు ఇస్తే ముంపు గ్రామాల వారు ఏమంటారు, లెక్కల్లో ఎలా చూపుతాం అని సోషల్ వర్క్ సహచరుడు అడిగాడు. అతని ప్రశ్నలో న్యాయముంది. పెద్దాయన మమ్మల్ని నిష్పక్షపాతం అన్న సూత్రం దగ్గరికి తీసుకువెళ్లారు. 1859 జూన్‌లో ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధభూమి పక్కనున్న ఊళ్లో స్త్రీలు ఏ సైన్యపు దుస్తులన్నది చూడకుండా గాయపడిన అందరికీ కట్లు కట్టారు. అది చూసిన స్విట్జర్లాండ్ వ్యాపారి హెన్రీ డ్యూనాంట్ ప్రయత్నంతోనే నాలుగేళ్లకు రెడ్‌క్రాస్ మొదలైంది. అవసరమే కొలత, ఎంత అవసరమో అంత ముందు అన్న నియమం అక్కడినుంచి వచ్చింది. మునిగినవారా అన్నది ఒక గుర్తు మాత్రమే, అవసరం అన్నది అసలు ప్రశ్న అని ఆయన చెప్పారు.

అప్పుడు అక్క ప్రతి ఇంటికీ వర్తించే ప్రశ్నలు మూడు రాసింది: వంట చేసుకునే పాత్రలున్నాయా, వారానికి సరిపడా తిండిగింజలున్నాయా, నీటికీ సంతకూ ఆస్పత్రికీ చేరగలరా. కార్డు ప్రస్తావన అందులో లేదు. ఆ మూడింటి ప్రకారం అడవిలోని ఇళ్లకు బిందెలు అవసరం లేదు. తిండి, దోమతెరలు, పిల్లలను పోషకాహార కేంద్రానికి చేర్చే వాహనం అవసరం. దాతకు ఆ రాత్రే ఉత్తరం రాసి, ప్రతిపాదనలో మార్పు కోరాం. మర్నాడు ఆమోదం వచ్చింది.

నా అభిప్రాయంలో, ఈ రంగంలో కొత్తవారికి ఫెలోషిప్ ఇవ్వగలిగిన అతి ముఖ్యమైన అవకాశం ఇటువంటి చర్చలో కూర్చోవడం. ప్రమాణాల పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కాయా వంటి ఆన్‌లైన్ శిక్షణ వేదికల్లో ఉచిత కోర్సులున్నాయి, వాటిని ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. కానీ చేతిలో సరుకు తక్కువై, ఎదురుగా నిజమైన మనుషులున్నప్పుడు ఎవరు ముందు అని తేల్చే పని చదివితే రాదు. అనుభవమున్నవారు తేలుస్తుంటే పక్కనుండి చూసి, ప్రశ్నించి నేర్చుకోవాలి.

జూలై 28, గురువారం: పంపిణీ

పంపిణీ రోజు గొడవల రోజు అని చాలామంది హెచ్చరించారు. ఏ గొడవా జరగలేదు, ఎందుకంటే పని అంతకుముందు రోజే అయిపోయింది. ఎవరెవరికి ఏమి, ఏ కారణంగా అన్న జాబితాను గూడెం మధ్యలో బిగ్గరగా తెలుగులోనూ కోయలోనూ చదివించాం. అభ్యంతరాలు చెప్పమన్నాం. రెండు పేర్లు చేరాయి. ఒక కుటుంబం తమకు పాత్రలు ఉన్నాయని తానే పేరు తీయించుకుంది.

ఉదయం ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాం. గర్భిణులకు, ముసలివారికి వేరే వరుస. నడవలేనివారికి ఇంటికే చేరవేత. టోకెన్ చూపించి, వేలిముద్ర వేసి, సంచి విప్పి లోపల ఉన్నవన్నీ సరిచూసుకున్నాకే వెళ్లాలి: టార్పాలిన్, తాడు, దోమతెరలు, బిందె, మగ్గు, సబ్బులు, నూలు బట్ట లేదా ప్యాడ్లు, సౌరదీపం. నమోదుకు ఫోన్‌లో వివరాలు సేకరించే కోబో యాప్ వాడలేదు. ఆధార్ వివరాలు మా ఫోన్లలో పోగు చేసుకోవలసిన అవసరం లేదు. గూడెం పేరు, పొయ్యి సంఖ్య, అంతే.

సరుకు అందుకుంటున్నవారిని ఫొటో తీయకూడదని మా ప్రవర్తనా నియమావళిలో ఉంది. సంస్థలకు నివేదికలో బొమ్మలు కావాలి, అది నిజం. కానీ చేయి చాచిన మనిషి ముఖాన్ని అతని అనుమతి లేకుండా ఊరూరా తిప్పే హక్కు మనకు లేదు. మేము సంచుల గుట్టను, బాగుచేసిన చేతిపంపును తీశాం. అదే నియమావళిలో మరో మాట ఉంది, దాన్ని పంపిణీకి ముందు రెండు భాషల్లోనూ గట్టిగా చెప్పాం: ఈ సాయానికి ఎవరికీ ఏమీ చెల్లించనక్కరలేదు, మాలో ఎవరైనా డబ్బు గానీ మరేదైనా గానీ అడిగితే ఈ అక్కతో చెప్పండి. ఫిర్యాదుల పెట్టె కూడా పెట్టాం, అయితే చదవడం రానివారి కోసం ఆశా కార్యకర్త ఇంటి వద్ద సాయంత్రం ఒక గంట నేను కూర్చున్నాను. ఆ గంటలో ఇద్దరు స్త్రీలు వచ్చి, మరుగుదొడ్ల తడికెలు ఎత్తు తక్కువగా ఉన్నాయని, గుట్ట పైనుంచి కనిపిస్తోందని చెప్పారు. పొద్దు పోయేలోగా వాటిని ఎత్తు చేయించాం.

మధ్యాహ్నం తరువాత కొంత సరుకును మోపులు కట్టి అడవిలోని ఇళ్లకు మోయించాం. మోసినవారిలో ఎక్కువమంది గుట్ట మీది గూడెం యువకులే. మునగనివారికి ఎందుకు ఇస్తున్నారని వారిలో ఎవరూ అడగలేదు. మొన్న రాత్రి మా గదిలో అంతసేపు నలిగిన ప్రశ్నకు వారి దగ్గర జవాబు ముందే ఉంది: వారి పిల్లలకూ జ్వరాలే కదా అని ఒకతను మోపు ఎత్తుకుంటూ అన్నాడు.

జూలై 30, శనివారం: చింతూరు

శబరి వెంట ఎగువకు ప్రయాణించి చింతూరు చేరాం. ఇక్కడి ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో సమావేశం జరిగింది. మా పట్టికలో అడవిలోని ఇళ్లు కొత్త వరుసగా చేరాయి. వైద్యాధికారి ఆ వరుస చూసి, వాగు తగ్గగానే సంచార వైద్య బృందాన్ని అటు పంపుతామని తేదీతో సహా రాయించారు. ఎర్ర గీత లోపల ఉన్న పిల్లల్లో ఎవరు పోషకాహార కేంద్రంలో చేరారు, ఎవరి తల్లులు మిగతా బిడ్డలను వదిలి రాలేక ఆగిపోయారు అన్న వివరం మా నర్సు చదివింది. ఆగిపోయిన తల్లుల కోసం ఇంటి వద్దే ఆహారం ఇచ్చే ఏర్పాటు అడిగాం. దానిపై నిర్ణయం వచ్చే వారానికి వాయిదా పడింది.

సమావేశం తరువాత అక్క మా పనులు పంచింది. పెద్ద బృందం వెనక్కి వెళ్తుంది. నేను చింతూరులోనే ఉండి పంపిణీ తరువాతి పరిశీలన చేయాలి. పటంలోని పొయ్యిల నుంచి చీటీలు తీసి, వచ్చిన ఇళ్లకు వెళ్లి, సంచి పూర్తిగా అందిందా, ఎవరైనా డబ్బు అడిగారా, దోమతెర కట్టుకున్నారా లేక చేపలకు వాడుతున్నారా, ఇచ్చినవాటిలో ఏది పనికిరాలేదు అని అడగాలి. చివరి ప్రశ్న అడిగే సంస్థలు తక్కువని, జవాబులు మాత్రం అక్కడే ఎక్కువ దొరుకుతాయని పెద్దాయన చెప్పి వెళ్లారు. ఈ పనికి కోయ మాట్లాడే యువతులు ఇద్దరు కావాలని ఆశా కార్యకర్తను అడిగాను. ఇంటర్ చదివి ఇంటి దగ్గరున్న ఇద్దరి పేర్లు ఆమె చెప్పింది. వారికి రోజు భత్యం మంజూరైంది. ప్రశ్నలను వారితోనే కోయలోకి మార్పించే పని సోమవారం ఉదయం ఇక్కడి అంగన్‌వాడీలో మొదలవుతుంది.